రైట్ చెప్పేవాళ్ళు లేని బస్సు

బస్సెక్కితే చాలు, మా ఆయన కుడికాలికి ప్రాణం వస్తుంది. ముందు ఎర్ర దీపం పడబోతోందనగానే మడమ ఆనించి పాదంతో నేలని నొక్కుతారు. మలుపు రాగానే ఒళ్ళో ఉన్న చేతులు రెండూ కాస్త లేచి, ఏదో గుండ్రటిది పట్టుకున్నట్టు ఓ పక్కకి జరిగి, మళ్ళీ ఒళ్ళో పడిపోతాయి. డ్రైవరు వెనక సీటు ఆయనది. అందులో ఇంకెవరైనా ఉంటే వాళ్ళు దిగేదాకా నిలబడే ఉంటారు కానీ వెనక ఖాళీ సీట్లోకి రారు. నేను పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసి అణిచిపెడుతూ ఉంటాను. ఎవరన్నా చూసి మతి చలించిందనుకుంటారేమో, పోలీసుల్ని పిలుస్తారేమో, పిలిస్తే వాళ్ళ భాషలో నేనేం చెప్పుకోవాలి?

భయం నాకు కొత్త కాదు. ఆయన మా దేశంలో బస్సు నడిపినన్నాళ్ళూ నేను భయంతోనే కాపురం చేశాను. డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విదిల్చిన చప్పుడు వినపడితే గానీ నాకు ముద్ద దిగేది కాదు. వాన పడితే వంతెన గుర్తొచ్చేది, ఎండ కాస్తే టైర్లు గుర్తొచ్చేవి. పక్కింటి రేడియోలో ప్రమాదం అన్న మాట వినపడితే ఎక్కడో ఏమిటో వినకుండానే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. "అది పడవ ప్రమాదం అమ్మా" అని మా అమ్మాయి నెత్తి కొట్టుకునేది.

ఈ దేశం వచ్చింది ఆయన అక్క పిలిస్తే. ఆవిడ ఎప్పుడో పెట్టిన కాగితాలు మేమే మరిచిపోయాక మంజూరయ్యాయి. అమ్మాయి చదువు బాగుపడుతుందని వచ్చేశాం. వదిన వాళ్ళు పైన, మేం కింద సగం నేలలోకి దిగిన రెండు గదుల్లో. ఇల్లు కూలితే ముందు మా నెత్తినే పడుతుందని మొదటివారం నేను నిద్రపోలేదు. మా కిటికీలోంచి మనుషుల మొహాలు కనపడవు, కాళ్ళే కనపడతాయి. బస్సులకైతే టైర్లు. ఆయన ఆ కిటికీ దగ్గర కూర్చుని, "చూశావా, దీనికి గాలి తక్కువుంది. ఎవడూ చూసుకోడేమిటే!" అని వాపోయేవారు.

ఇక్కడ బళ్ళు రోడ్డుకి రెండో పక్కన నడిచినా ఆయన కొత్తగా నేర్చుకుని పెద్దబండి లైసెన్సు సంపాదించారు. అది పట్టుకుని డిపోకి వెళ్తే కిటికీ అవతల కూర్చున్న పిల్ల అడిగిందట, "ఈ దేశంలో నడిపిన అనుభవం ఉందా?" అని.

"నడపనిస్తే కదా అనుభవం వచ్చేది" అన్నారట ఈయన. మా అమ్మాయి ఆ ముక్క మాత్రం తర్జుమా చెయ్యకుండా మింగేసింది.

పాలబండి వాళ్ళు అనుభవం అడిగారు. స్కూలు బళ్ళ వాళ్ళు అనుభవం అడిగారు. చివరికి శవాల బండి వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళొచ్చారని తెలిసి నేను ఆ రోజంతా ఆయన్ని ఏ వస్తువూ ముట్టుకోనివ్వలేదు. వాళ్ళూ అదే అడిగారట. "ఎక్కిన వాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యరు కదా, వాళ్ళకెందుకు నాన్నా అనుభవం?" అంది అమ్మాయి. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

"నువ్వు ఎక్కడికెళ్ళినా బస్సు నడిపానని మొదలుపెడతావురా తమ్ముడూ" అంది వదిన. "గోదాములో పని అడుగుతూ బస్సు సంగతెందుకు? వాళ్ళకేమైనా ఊరేగాలని ఉందా?"

"మరేం చెప్పనక్కా? నాకు వచ్చిందదే."

"బరువులు మోస్తానని చెప్పు. నోరు మూసుకుని మొయ్యి."

అలాగే చెప్పారు. పెట్టెలకి టేపు అంటించి ఎత్తి పేర్చే పని దొరికింది. నాకు ఓ హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. పొద్దున్న ఇద్దరం ఒకే బస్సెక్కుతాం. నా స్టాపు ముందు వస్తుంది, ఆయనది తర్వాత.

నిజం చెప్పాలంటే నేను సంతోషించాలి. గోదాము ఎక్కడికీ పోదు, బోల్తా పడదు, దానికి బ్రేకులు ఫెయిలవడమంటూ లేదు. ఆయన సాయంత్రం వెలుగుండగానే వచ్చేస్తారు. అయితే చెప్పులు విదిల్చిన చప్పుడే ఉండదు. మెల్లగా వంగి, ఒకటి తీసి, రెండోది తీసి, గోడకి ఆనించి పెడతారు. పరాయింటికి వచ్చినట్టు. నేను హాయిగా అన్నం తినొచ్చు. తింటున్నాను కూడా. ఏం తింటున్నానో నాకే తెలియడం లేదు.

ఒక సెలవురోజు అమ్మాయి కూడా మాతో బస్సెక్కింది. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక డ్రైవరమ్మ తన గది తలుపు తీసి మా అమ్మాయిని పిలిచింది. భుజాలు వెడల్పుగా, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటుందావిడ. అయిపోయింది, కాలు సంగతి కనిపెట్టేసింది, ఇక ఈ బస్సెక్కనివ్వదు, నడుచుకుంటూ పోవాలి, దారిలో జారిపడతారు, పడితే నడుము విరుగుతుంది...

"మీ నాన్నకి కాలు నొప్పా అని అడుగుతోందమ్మా" అంది అమ్మాయి.

"అవునని చెప్పు. వాతం అని చెప్పు."

అమ్మాయి నన్నొక చూపు చూసి, అసలు సంగతి చెప్పేసినట్టుంది. డ్రైవరమ్మ పెద్దగా నవ్వింది. స్టీరింగు మీద చరిచి మరీ నవ్వింది.

"ఏమంటోంది?"

"నేను బ్రేకు వేసేలోపే ఈయన వేస్తున్నాడు, అద్దంలో ఆ కాలు చూసి ఏదో అడ్డం వచ్చిందేమోనని నేనూ వేస్తున్నాను అంటోంది. రోజూ ఈయన వల్లే లేటవుతున్నానట."

మా ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ మాత్రం నవ్వు ఆపి ఇంకేదో అడిగింది. ఏ బండి, ఎలాంటి రోడ్లు, ఎంత జనం అని. ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే అమ్మాయికి తర్జుమాకి ఊపిరి ఆడలేదు. ఆఖరికి ఆవిడ చెప్పిందేమిటంటే, వాళ్ళ డిపోలో మనుషులు చాలడం లేదట, తను పెద్దవాళ్ళతో మాట్లాడుతుందట, అనుభవం కాగితం లేకపోయినా ఒకసారి నడిపించి చూడమని అడుగుతుందట.

దిగి నడుస్తూ రోడ్డు దాటేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని లాగి, "నడవ్వే, ఎంతసేపు!" అన్నారు. ఆ విసుగు విని ఎన్నాళ్ళయిందో. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఈ పరాయి రోడ్ల మీద బస్సంటే ఎలాగని లేచొచ్చిన ప్రాణం మళ్ళీ అరచేతిలోకి వచ్చింది.

పరీక్ష రోజున అమ్మాయీ నేనూ డిపో కంచె బయట నిలబడ్డాం. లోపల పెద్ద ఖాళీ జాగాలో తెల్ల గీతలు, మలుపులు, ఉత్తుత్తి స్టాపులు. ఆయన లోపలికి వెళ్తూ ఆగి, వెనక్కి తిరక్కుండానే చొక్కా కాలరు సర్దుకున్నారు. మా ఊళ్ళో డ్యూటీకి వెళ్ళేటప్పుడు వీధి మొగలో చేసే పని అది.

బస్సు కదిలింది. నాకు నడపడం తెలియదు గానీ ఆయన నడుపుతుంటే తెలుస్తుంది. నిద్రపోయే బిడ్డని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నట్టు మలుపు తిప్పుతారు. మొదటి స్టాపు దగ్గర ఆపారు. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. బస్సు అక్కడే ఉంది.

"ఏమైందే?"

"ఏమోనమ్మా."

"గుండె పట్టేసిందేమో. పొద్దున్న ఎడం చెయ్యి రుద్దుకున్నారు, నేను చూశాను."

"దోమ కుట్టిందమ్మా."

బస్సు అలాగే గుర్రుమంటూ నిలబడి ఉంది. లోపల పరీక్ష పెట్టే బట్టతలాయన ఈయన వైపు వంగి ఏదో అన్నాడు. అప్పుడు ఉలిక్కిపడ్డట్టు కదిలింది. రెండో స్టాపులోనూ అంతే. మూడో స్టాపులో బట్టతలాయన ఏమీ అనలేదు. చూస్తూ కూర్చున్నాడు. ఆయనా కూర్చున్నారు. ఎండలో ఖాళీ బస్సు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడిపోయింది.

ఉద్యోగం రాలేదు. చెయ్యి బాగుందట, మలుపులు బాగున్నాయట, ఆగిన చోట మాత్రం నిద్రపోతున్నాడట. డ్రైవరమ్మ బతిమాలితే ఇంకొక్కసారి రమ్మన్నారు. అదీ పోతే ఇక ఈ డిపో గడప తొక్కక్కర్లేదని బట్టతలాయన ముందే చెప్పేశాడు.

వదిన కిందికి దిగొచ్చింది. "ఆగడం వచ్చినవాడికి కదలడం రాకపోవడమేమిట్రా? ఏమైంది నీకు?"

ఆయన కిటికీలోంచి పోయే కాళ్ళని చూస్తూ కూర్చున్నారు. అటే చూస్తూ అన్నారు, "ఎవరూ చెప్పలేదక్కా."

"ఏం చెప్పాలి?"

"రైట్ అని."

వదిన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వింది. "ఓరి నీ! ఇక్కడ కండక్టరెక్కడున్నాడురా! తలుపులు వేసేదీ నువ్వే, టిక్కెట్టు చూసేదీ నువ్వే!"

"తెలుసక్కా. నాకు తెలుసు. ఈ కాలికి తెలియడం లేదు."

వదిన నవ్వు సగంలో ఆగిపోయింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి ఖాళీ గిన్నె తోమడం మొదలుపెట్టాను.

ఆయన బస్సులో ఎప్పుడూ ఒకే కండక్టరు. ఏళ్ళ తరబడి జోడీ. వరసేమీ లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. మా అమ్మాయికి మాటలొచ్చే వయసులో ఆ కండక్టర్ని చూసి "రైట్ మామయ్య" అంది, ఆ పేరే ఉండిపోయింది. వెనక మెట్టు దగ్గర నిలబడి "రైట్ రైట్" అని ఆయన కేకేస్తే తప్ప ఈయన కాలు బ్రేకు మీద నుంచి లేచేది కాదు. అన్నేళ్ళు అలా అలవాటు పడిపోయిన కాలు అది.

మర్నాటి నుంచి మా వంటగది బస్సయింది. ఓ కుర్చీ డ్రైవరుది, వెనక రెండు కుర్చీలు. అమ్మాయి ఎక్కుతుంది, దిగుతుంది. నేను రైట్ అంటే ఆయన కాలు చక్కగా లేస్తుంది. నేను నోరు మూసుకుంటే లేవదు.

"నేను నీ వెనకాల వచ్చి రోజంతా అరవలేను కదండీ" అన్నాను. కంగారులో ఆయన్ని నువ్వనేశాను. "మీరే అనుకోండి. మనసులో అనుకోండి, పోనీ."

"నా నోట రాదే. అది వాడి మాట."

"మాటకి పేరు రాసుందా?"

ఆయన కుర్చీలోంచి లేవలేదు. లేని స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. "నీకు చెప్పలేదు, భయపడతావని. ఓసారి మండుటెండలో, వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే నాకు విసుగొచ్చి గేరు వేసేశాను. అద్దంలో ఎవరూ లేరు. అంతా బాగానే ఉంది. వాడు రైట్ అనడే! ఏడిశావురా, నోరు పడిపోయిందా అని తిట్టాను. ఏమైందో తెలుసా? ఒక పసిపిల్ల చెప్పు జారితే వెనక చక్రం ముందు వంగి తీసుకుంటోంది. వాడు దిగి దాన్ని ఎత్తుకుని, అప్పుడన్నాడు." చేతులు ఒళ్ళోకి దించుకుని అన్నారు, "ఆ రోజు నుంచి నా కళ్ళని నేను నమ్మలేదే. వాడి నోటినే నమ్మాను."

అన్నాళ్ళు ఎన్నిటికో భయపడ్డాను గానీ ఆ పిల్ల చెప్పు నా భయాల్లో లేనే లేదు. ఇద్దరు మగాళ్ళు ఆ సంగతిని నాకు తగలకుండా ఇన్నేళ్ళూ దాచుకున్నారు. నాకు ఆ కండక్టరు మనిషిని చూడాలనిపించింది. ఆ గొంతు వినాలనిపించింది. నాకే అలా ఉంటే ఈయనకెలా ఉందో!

"ఫోన్ చెయ్యండి" అన్నాను.

"ఏమని చెయ్యను? ఇక్కడ గోదాములో ఉన్నానని చెప్పమంటావా? వెళ్ళగానే బస్సెక్కేస్తానని వాడితో చెప్పి వచ్చాను."

అదన్నమాట సంగతి. వచ్చినప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యకపోవడానికి అసలు కారణం.

ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి అడక్కుండానే నంబరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టేసింది. గొంతు అందరికీ వినపడేట్టు.

"ఎవరూ?" అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతు వినగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

"నేను బావా."

"నేనంటే ఎవరు? పేరూ ఊరూ లేదా? ఓహో, విదేశీ డ్రైవరుగారా! ఏం బావా, టిక్కెట్టు లేకుండా ఇన్నాళ్ళు ఎక్కడ ప్రయాణం చేశావు? చెల్లెమ్మ ఎలా ఉంది? ఇంకా భయపడుతూనే ఉందా?"

"భయపడుతూనే ఉన్నానన్నయ్యా" అన్నాను నేను.

"మంచిది. ఒకళ్ళైనా మారకుండా ఉన్నారు."

ఆయన గొంతు సవరించుకుని, మొత్తం చెప్పేశారు. గోదాము, టేపు, బట్టతలాయన, ఆగిపోయిన బస్సు. ఫోను తెగిపోయిందేమోనని నేను ముందుకు వంగాను.

"అద్దాలెన్ని ఉన్నాయి బావా, ఆ బస్సుకి?" అంది ఆ గొంతు.

"బోలెడు. వెనక తలుపు దగ్గర కెమెరా కూడా ఉంది. చక్రం దగ్గర చీమ ఉన్నా కనపడుతుంది."

"అన్ని కళ్ళు పెట్టుకుని ఇంకా నా నోరెందుకురా?"

"నీ నోరు లేకపోతే నా కాలు లేవట్లేదురా."

ఆ మనిషి నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "సరే విను. నేను దిగిపోయాను బావా. నా స్టాపొచ్చింది, దిగిపోయాను. ఇక మెట్టు మీద నువ్వే చూసుకో. ముసలాళ్ళని చూడు, చెప్పులు జారే పిల్లల్ని చూడు. అంతా చూశాక, నా బదులు నువ్వే చెప్పెయ్. నేను ఇచ్చేశాననుకో. ఏదీ, ఒకసారి అను."

ఆయన మా వంక చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదు. "రైట్" అన్నారు.

"వినపళ్ళేదు. టాపు మీద సామానెక్కించేవాడికి వినపడాలి."

"రైట్."

"అన్నం తిన్లేదా?"

"రైట్! రైట్ రైట్!"

పైన నేల దబదబా బాదింది వదిన. మేం ముగ్గురం, అవతల ఆ ఒక్కడూ, అందరం ఒకేసారి నవ్వాం. ఫోను పెట్టేశాక మాత్రం ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. నేను అమ్మాయిని అవతలి గదిలోకి తీసుకుపోయాను.

రెండో పరీక్షకి కూడా అదే కంచె దగ్గర నిలబడ్డాం. మొదటి స్టాపులో బస్సు ఆగింది. తలుపులు మూసుకున్నాయి. నేను ఇనుప చువ్వ పట్టుకున్నాను. కదల్లేదు. ఇంకా కదల్లేదు. అయిపోయింది, ఇక జీవితాంతం టేపే, నడుము పోతుంది, మంచాన పడతారు... అద్దం వెనక ఆయన పెదాలు కదిలాయి. బస్సు వెన్న మీద జారినట్టు ముందుకు వచ్చింది.

ప్రతి స్టాపులో ఆ పెదాలు కదిలాయి. అయిపోయాక బట్టతలాయన అడిగాడట, ప్రతిచోటా ఏమిటా మాట అని. అమ్మాయి దగ్గర లేదు, ఈయనకి అంత భాష లేదు, చెయ్యి గుండె మీద పెట్టుకుని ఊరుకున్నారట. అది ఏదో ప్రార్థన అనుకుని అతను మరింక అడగలేదు. డ్యూటీ చొక్కా కొలతలు మాత్రం రాసుకున్నాడు.

కొత్త నీలం చొక్కా వేసుకుని ఆయన బస్సు తెచ్చిన రోజున నేను ఇంటి దగ్గర స్టాపులో ఎక్కాను. ఆయన నన్ను గుర్తుపట్టనట్టే ఉన్నారు. డ్యూటీలో పెళ్ళాన్నైనా టిక్కెట్టు చూపించమనే మనిషి. డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉంది. నేను అందులో కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి వెనక తలుపు పక్కన నిలబడ్డాను, మా దేశంలో కండక్టరు నిలబడే చోట. అక్కడి నుంచి చూస్తే పెద్ద అద్దంలో ఆయన కళ్ళు కనపడతాయి. స్టాపు వచ్చినప్పుడల్లా ఆ కళ్ళు అద్దంలోకి వచ్చి, మెట్లు చూసి, దిగేవాళ్ళని చూసి, ఆఖరికి నేను నిలబడ్డ చోటికి వచ్చి కాస్త ఆగుతున్నాయి. నన్ను కాదు చూడడం. ఆ సంగతి నాకు తెలుసు. తర్వాత పెదాలు కదులుతాయి.

లాండ్రీ దగ్గర నేనొక్కదాన్నే దిగాను. వెనక తలుపు మూసుకుంది. బస్సు మాత్రం కాసేపు అలాగే ఉండిపోయింది. ఇంకా అద్దంలోకే చూస్తున్నారేమో.

అరచేత్తో బస్సు రేకు మీద రెండుసార్లు గట్టిగా చరిచాను. స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. బస్సు కదిలింది.

మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. మబ్బు పట్టింది. వాన పడేట్టుంది. ఈ దారిలో ఎక్కడో ఒక వంతెన ఉండే ఉంటుంది, నేనే ఇంతవరకూ కనుక్కోలేదు. ఇక సాయంత్రం గుమ్మంలో చెప్పులు విదిల్చిన చప్పుడు వినపడేదాకా నాకు ముద్ద దిగదు.